మధుమేహము గల రైతులు: రక్తములో చక్కెర పడిపోవుట – నివారణ, చికిత్స

మధుమేహమును మన పల్లెలలో షుగరు జబ్బు అందురు. ఇది పట్టణవాసుల జబ్బనియు, కూర్చుండి తినువారి జబ్బనియు ఒకప్పుడు అనుకొనెడివారు. ఇప్పుడట్లు అనుకొనుటకు వీలులేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగిన సర్వే ఫలితములు 2023 సంవత్సరమున వెలువడినవి. వాని ప్రకారము మన దేశములో 10 కోట్లకు పైగా ప్రజలకు ఈ జబ్బు కలదు. వారిలో దుక్కి దున్నువారు, నాట్లు వేయువారు, పాడి చూచుకొనువారు ఎందరో కలరు.

ఈ జబ్బును గురించి ప్రతి ఇంటిలోను తెలిసిన మాట ఒకటి కలదు. తీపి తినరాదు. ఈ మాట మంచిదే. రక్తములో చక్కెర హెచ్చుగా నున్నచో కండ్లు, మూత్రపిండములు, గుండె, కాళ్ళ నరములు క్రమముగా దెబ్బతినును. కాని మందు వాడుకొనువారికి దీనికి సరిగా ఎదురైన మరియొక ఆపద కలదు. అది చక్కెర మితిమీరి తగ్గిపోవుట. చక్కెర హెచ్చుట వలని కీడు సాధారణముగా ఏండ్ల మీద జరుగును. చక్కెర పడిపోవుట వలని కీడు గడియలలో జరుగును. సకాలమున గుర్తించినచో మూడు చెంచాల పంచదారతో తీరిపోవు ఆపద ఇది. గుర్తింపనిచో ప్రాణము మీదికి వచ్చును.

కచేరీలో కూర్చుండి పనిచేయువారి కంటె ఒళ్ళు వంచి పనిచేయు రైతుకు, కూలికి ఈ ఆపద ఎక్కువ. రైతు పనికి వేళ లేదు. భోజనమునకును వేళ లేదు. మందు మాత్రము వేళకు పడుచుండును. ఆపద అక్కడనే పుట్టుచున్నది. కావున ప్రతి రైతు కుటుంబమును ఈ విషయమును తెలిసికొనుట అవసరము.

చక్కెర పడిపోవుట అనగా నేమి?

మనము తినిన అన్నము, రొట్టె, సంకటి గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో కలియును. పెద్దవాని ఒంటిలో సుమారు 5 లీటర్ల రక్తముండును. ఆరోగ్యవంతుని రక్తమంతటిలోను కలిసి ఉండు గ్లూకోజు సుమారు 5 గ్రాములు. అనగా ఒక్క చెంచాడు మాత్రమే. మెదడు ఒక్కటియే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజును వాడుకొనును. ఈ లెక్కన రక్తములో నున్నది మెదడునకే ఒక గంటకు సరిపోవును. తక్కినది ఎక్కడ నుండి వచ్చును? కాలేయము నుండి వచ్చును. తినినప్పుడు మిగిలిన చక్కెరను కాలేయము గాదెలో ధాన్యము వలె నిలువచేసి, అవసరమైనప్పుడు కొంచెము కొంచెముగా రక్తములోనికి వదలుచుండును.

ఈ గాదె తలుపు తీయుట, మూయుట ముఖ్యముగా ఇన్సులిన్ చేతిలో నున్నది. ఇన్సులిన్ మన కడుపులోని క్లోమ గ్రంథి తయారుచేయు రసము. ఆరోగ్యవంతునిలో చక్కెర తగ్గగానే ఇన్సులిన్ తయారగుట తగ్గిపోవును. కాలేయము తలుపు తెరచుకొనును. కాని సూదితో ఎక్కించిన ఇన్సులిన్ కు ఈ కట్టుబాటు లేదు. మడికి నీరు చాలినప్పుడు తూము మూయవచ్చును. ఒంటిలోనికి పోయిన మందునకు తూము లేదు. చక్కెర ఎంత తగ్గినను అది తన పని తాను చేయుచునే యుండును.

రక్తములో చక్కెర 100 మిల్లీలీటర్లకు 70 మిల్లీగ్రాముల కంటె తగ్గినచో దానిని తక్కువ చక్కెరగా లెక్కింతురు. 54 కంటె తగ్గినచో అది తీవ్రమైనది. గ్లూకోమీటరు అను చిన్న యంత్రముపై కనిపించు అంకె ఇదియే.

ఎవరికి ఈ ప్రమాదము కలదు?

షుగరు జబ్బు గల అందరికిని ఇది రాదు. ఆహార నియమముతో మాత్రమే జబ్బును అదుపులో నుంచుకొనువారికి సాధారణముగా రాదు. మెట్ఫార్మిన్ ఒక్కటియే వాడువారికి అరుదు. ఈ క్రింది వారు జాగ్రత్తగా నుండవలెను.

1. ఇన్సులిన్ సూది తీసికొనువారు.

2. గ్లిబెన్ క్లమైడ్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్ అను మాత్రలు వాడువారు. ఈ మాత్రలు క్లోమ గ్రంథిని ప్రేరేపించి ఇన్సులిన్ ను ఎక్కువగా విడుదల చేయించును. మాత్ర పేరు వేరుగా నున్నను అట్టపై చిన్న అక్షరములలో అసలు మందు పేరు అచ్చువేసి యుండును. మెట్ఫార్మిన్ తో కలిపి ఒకే మాత్రగా చేసినవియు చాల కలవు. చదువుకొన్న పిల్లలచే అట్ట చదివించుకొనవలెను, లేదా మందుల షాపువానిని అడిగి తెలిసికొనవలెను.

3. పై మందులు వాడుచున్న వృద్ధులు, సరిగా తినలేనివారు.

4. మూత్రపిండముల జబ్బు గలవారు. ఇన్సులిన్ ను, కొన్ని మాత్రలను ఒంటి నుండి తొలగించుటలో మూత్రపిండములకు పాలు కలదు. అవి చెడినచో నిన్నటి మందు ఇంకను ఒంటిలో మిగిలి యుండగానే నేటి మందు వచ్చి చేరును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమున మూత్రపిండముల జబ్బు ఎక్కువగా నుండుట అందరును ఎరిగినదే. అట్టి ప్రాంతములలో షుగరు మందు వాడువారు మూత్రపిండముల పరీక్ష చేయించుకొని, దానిని బట్టి మందు మోతాదు సరిచూపించుకొనుట తప్పనిసరి. పూర్వము సరిపడిన మోతాదే మూత్రపిండములు చెడిన తరువాత ఎక్కువ కావచ్చును.

ఒక ఉదాహరణ

నాట్ల కాలము. మాత్రలు వాడుచున్న ఒక రైతు తెల్లవారి 6 గంటలకు అలవాటు ప్రకారము మాత్ర వేసికొని, కాఫీ త్రాగి పొలమునకు పోయినాడనుకొందము. చద్ది 8 గంటలకు ఇంటి నుండి రావలెను. ఆ రోజు కూలీలు ఎక్కువ. ఇంటిలో వంట ఆలస్యమైనది. ఈలోగా మడిలో నీరు చాలక బోదె సరిచేయవలసి వచ్చినది. నారు కట్టలు మోయవలసి వచ్చినది. 10 గంటలగునప్పటికి ఆ రైతు కారణము లేకుండ కూలీలపై కసరుకొనినాడు. కట్టలను వేయవలసిన మడిలో కాక ప్రక్క మడిలో విసరినాడు. తరువాత గట్టుపై కూలబడినాడు. ఒళ్ళంతయు చెమట. చేతులు వణకుచున్నవి.

చూచినవారు ఎండదెబ్బ అనుకొని నీడకు చేర్చి మంచినీరు ఇచ్చినారు. ఇంటి నుండి అన్నము వచ్చినది కాని, అతడు వద్దని తోసివేసినాడు. ఒకరు బెల్లపు ముక్క పెట్టబోగా, షుగరు మనిషికి తీపి పెట్టుదురా అని మరియొకరు వారించినారు.

ఇందులో ఎవరి మనసును చెడ్డది కాదు. అందరును అతని మేలు కోరినవారే. కాని ఆ సమయమున అతని మెదడునకు కావలసినది ఆ బెల్లపు ముక్కయే. ఇట్టి పొరపాటు ఏ పొలమునను జరుగకుండ చూచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కారణములు

పై ఉదాహరణలో మూడు కారణములు ఒకచోట చేరినవి. మందు పడినది. భోజనము తప్పినది. పని హెచ్చినది. మందు, తిండి, పని – ఈ మూడును సమముగా నున్నంతవరకు చక్కెర నిలకడగా నుండును. ఏ ఒక్కటి మారినను తక్కిన రెండింటిని సరిచేయవలెను. తరచుగా కనిపించు కారణములివి.

మందు వేసికొని భోజనము ఆలస్యము చేయుట, లేక మానివేయుట. ఇన్సులిన్ సూది వేసికొని, అన్నము తినకుండ మోటారు చూచి వత్తునని పోవుట మన ప్రాంతములలో సామాన్యము. కరెంటు వచ్చినదని పోయినవారు గంట వరకు తిరిగి రారు.

అలవాటు లేని కష్టము. వేసవిలో ఖాళీగా నున్నవారు తొలకరిలో ఒక్కసారిగా దుక్కికి, గట్లు చెక్కుటకు దిగుదురు. మందు మోతాదు ఖాళీ రోజులకు నిర్ణయించినది. పని మాత్రము రెట్టింపగును. కుప్ప నూర్పిళ్ళు, చెరకు నరకుట, బస్తాలు మోయుట అట్టివే.

కష్టపడిన నాటి రాత్రి. పని ముగియగానే ప్రమాదము ముగియదు. పగలు ఖర్చుపెట్టిన చక్కెరను కండరములు రాత్రి అంతయు తిరిగి నింపుకొనుచుండును. అందుచేత మరునాటి వరకు చక్కెర తగ్గవచ్చును.

కల్లు, సారాయి. మద్యము కాలేయము క్రొత్తగా చక్కెర తయారుచేయుటను ఆపివేయును. ఖాళీ కడుపుతో త్రాగుట మరింత అపాయకరము. ఇందు మరియొక చిక్కు కలదు. అట్టివాడు పడిపోయినచో త్రాగి పడినాడని ఎవరును పట్టించుకొనరు.

వాంతులు, విరేచనములు. తినినది ఒంటబట్టదు. మందు మాత్రము పనిచేయును.

వేరే మందులు. ఇతర జబ్బులకు ఇచ్చు కొన్ని యాంటిబయాటిక్ మందులు షుగరు మాత్రల బలమును హెచ్చించును. ఏ వైద్యుని వద్దకు పోయినను షుగరు మందు వాడుచున్నట్లు చెప్పవలెను. ఊరూర తిరిగి అమ్ము పొడులలో షుగరు మాత్రలనే నూరి కలుపు మోసగాండ్రును కలరు. వైద్యుడిచ్చిన మందుతో పాటు అట్టి పొడి మ్రింగుట రెండు మోతాదులు మ్రింగుటతో సమానము.

సిరంజి పొరపాటు

ఇది ప్రత్యేకముగా గమనింపవలసిన విషయము. మన దేశములో ఇన్సులిన్ సీసాలు రెండు బలములలో దొరకును. ఒక మిల్లీలీటరునకు 40 యూనిట్లు గలది ఒకటి. 100 యూనిట్లు గలది మరియొకటి. వీనికి సిరంజీలు వేరు. 40 దానికి సామాన్యముగా ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ రంగు మూత సిరంజి ఉండును. 100 బలము గల సీసా నుండి 40 సిరంజితో 20 గీత వరకు తీసినచో, ఒంటిలోనికి పోవునది 20 యూనిట్లు కాదు, 50 యూనిట్లు. రెండున్నర రెట్లు. ఇది ప్రాణాపాయము. సీసాపై నున్న అంకె, సిరంజిపై నున్న అంకె ఒకటిగా నున్నవో లేవో ప్రతి క్రొత్త సీసా కొనినప్పుడు చూచుకొనవలెను. కండ్లు సరిగా కనిపించని వృద్ధులకు ఇంటివారే మందు తీసి ఇయ్యవలెను.

గుర్తులు

చక్కెర తగ్గుట మొదలైనప్పుడు శరీరము హెచ్చరిక చేయును. చేతులు వణకును. చల్లని చెమట పట్టును. గుండె దడదడ కొట్టుకొనును. విపరీతమైన ఆకలి, నీరసము, ఆందోళన కలుగును. పెదవుల చుట్టు తిమ్మిరి ఎక్కినట్లుండవచ్చును. ఈ దశలో రోగి తనకు తానే సహాయము చేసికొనగలడు.

ఇంకను తగ్గినచో మెదడు పని చెడును. చూపు మసకబారును, లేక ఒకటి రెండుగా కనిపించును. మాట తడబడును. నడక తూలును. అడిగినదానికి సంబంధము లేని సమాధానము చెప్పును. చిరాకు పడును, తిట్టును, మొండికెత్తును. ఈ దశలో తనకు చక్కెర తగ్గినదని రోగికి తోచదు. ప్రక్కవారే గ్రహింపవలెను. తరువాత మూర్ఛలు, స్పృహ తప్పుట సంభవించును.

నిద్రలో తగ్గినచో పక్క తడియునంత చెమట, పీడకలలు, కలవరింతలు ఉండును. తెల్లవారి తలనొప్పి, బడలిక ఉండును.

కొందరికి మొదటి హెచ్చరికలు రావు. ఏండ్ల తరబడి జబ్బు గలవారికిని, మాటిమాటికి చక్కెర పడిపోవువారికిని ఈ హెచ్చరికలు క్రమముగా అణగిపోవును. రక్తపు పోటునకు ఇచ్చు అటెనలాల్ వంటి మందులు గుండెదడను, వణకును కప్పిపుచ్చును. చెమట మాత్రము పట్టును. అట్టివారు గ్లూకోమీటరును తరచుగా వాడవలెను.

ఇతర ఆపదల నుండి గుర్తుపట్టుట

ఎండదెబ్బ: ఒళ్ళు కాలిపోవుచుండును. చక్కెర తగ్గినవాని ఒళ్ళు సాధారణముగా చల్లగా, చెమటతో తడిసి యుండును.

పురుగుమందు విషము: మందు చల్లుచుండగా పడిపోయినచో ఈ అనుమానము రావలెను. ఇందును చెమట పట్టును. కాని నోటి వెంట చొంగ, కండ్ల నీరు, వాంతులు, విరేచనములు ఉండును. కంటిపాప సూదిమొన వలె చిన్నదగును. మందు వాసన వచ్చును. షుగరు రోగి మందు చల్లుచు పడిపోయినచో రెండు అనుమానములును ఆసుపత్రివారికి చెప్పవలెను. తడిసిన బట్టలు విప్పి ఒళ్ళు కడుగవలెను. ఈ పని చేయువారు చేతులకు తొడుగులు వేసికొనవలెను.

పక్షవాతము: మాట తడబడుట, ఒక చేయి పడిపోవుట చక్కెర తగ్గినప్పుడును కనిపింపవచ్చును. కావున చక్కెర చూడవలెను. దానితోపాటే ఆసుపత్రికి తరలింపవలెను.

గ్లూకోమీటరు దగ్గర నున్నచో సందేహము వెంటనే తీరును. చూచుటకు ముందు వ్రేలు నీటితో కడిగి తుడువవలెను. చెరకు, మామిడిపండు, బెల్లము ముట్టిన చేతితో చూచినచో అంకె లేనిపోని హెచ్చుగా కనిపించును. యంత్రము లేనిచో ఎదురుచూడరాదు. స్పృహలో ఉండి మ్రింగగలిగినచో చక్కెర ఇయ్యవలెను. నిజముగా చక్కెర ఎక్కువగానే యున్నను మూడు చెంచాల వలన వచ్చు నష్టము స్వల్పము. తక్కువగా నున్నప్పుడు ఇయ్యకపోవుట వలన వచ్చు నష్టము తీర్చలేనిది.

వెంటనే చేయవలసిన పని

మొదట పని ఆపవలెను. ట్రాక్టరు మీదనున్నచో ఆపి దిగవలెను. బావి గట్టు, విద్యుత్ మోటారు, కోత యంత్రము వద్ద నుండి దూరముగా వచ్చి కూర్చుండవలెను. తాటిచెట్టు ఎక్కబోవువారు ఆగిపోవలెను. ఇంటికి పోయి తిందమని నడువరాదు. నడక వలన చక్కెర ఇంకను తగ్గును.

తరువాత సుమారు 15 గ్రాముల చక్కెర తీసికొనవలెను. ఈ క్రింది వానిలో ఏదైన ఒకటి చాలును.

గ్లూకోజు పొడి 3 చెంచాలు, కొంచెము నీటిలో కలిపి.
పంచదార 3 లేక 4 చెంచాలు, నీటిలో కలిపి.
పెద్ద ఉసిరికాయంత బెల్లము, నమలి.
తేనె ఒక పెద్ద చెంచాడు.
చెరకు రసము, లేక తీపి పండ్ల రసము అర గ్లాసు.

15 నిమిషములు ఆగి మరల చక్కెర చూడవలెను. 70 కంటె తక్కువగానే యున్నచో, లేక గుర్తులు తగ్గనిచో, మరల అంతే మోతాదు ఇయ్యవలెను. మూడుసార్లు ఇచ్చినను తేరుకొననిచో ఆసుపత్రికి పోవలెను. తేరుకొన్న తరువాత అన్నమో, రొట్టెయో, పాలతో బిస్కెట్లో తప్పక తినవలెను. చక్కెర త్వరగా ఎక్కును, త్వరగా దిగును. భోజనము నిలకడగా నిలుపును.

కొన్ని పదార్థములు ఈ పనికి తగవు. నేతి లడ్డు, కోవా, చాక్లెటు తీపివే. కాని వానిలోని కొవ్వు వలన చక్కెర రక్తములోనికి ఆలస్యముగా పోవును. మజ్జిగలో చక్కెర చాల తక్కువ. లేత కొబ్బరినీరు దప్పికకు మంచిది కాని, దీనికి చాలదు. చక్కెర లేని టీ పనికిరాదు.

ఆకార్బోజ్, వోగ్లిబోజ్ అను మందులు వాడువారు మరియొక సంగతి తెలిసికొనవలెను. ఈ మందులు పంచదార, బెల్లము కడుపులో అరుగుటను ఆలస్యము చేయును. వారు గ్లూకోజు పొడినే దగ్గర ఉంచుకొనవలెను. ఇతర షుగరు మాత్రలతో వోగ్లిబోజ్ ను కలిపిన మాత్రలు మన షాపులలో చాల అమ్ముచున్నారు. కావున ఇక్కడను అట్ట చదువుట అవసరము.

స్పృహ తప్పినచో

స్పృహ లేనివాని నోటిలో నీరు గాని, చక్కెర నీరు గాని, మరేదియు గాని పోయరాదు. అది కడుపులోనికి పోక ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును. రోగిని ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టవలెను. ఊపిరి ఆడుచున్నది లేనిది చూచుచుండవలెను. మూర్ఛ వచ్చినచో చేతిలో తాళపుచెవులు పెట్టుట, ముక్కు వద్ద ఉల్లిపాయ పెట్టుట వలన ప్రయోజనము లేదు. పండ్ల నడుమ చెంచా దూర్చుట అపాయకరము. ఇన్సులిన్ మరల ఇయ్యరాదు.

వెంటనే 108 నంబరుకు ఫోను చేయవలెను. రోగికి షుగరు జబ్బు కలదనియు, ఏ మందు ఎప్పుడు వేసికొన్నదియు చెప్పవలెను. పొలము గుర్తులు సరిగా చెప్పి, రోడ్డు వద్దకు ఒక మనిషిని పంపవలెను. వైద్యులు గ్లూకోజును నేరుగా నరములోనికి ఎక్కింతురు. గ్లూకగాన్ అను సూదిమందును వైద్యుడు ముందే ఇంటిలో ఉంచుకొనుమని ఇచ్చి, వేయు విధము నేర్పి యున్నచో దానిని ఇంటివారు వేయవచ్చును.

మాత్రల వలన చక్కెర పడిపోయి స్పృహ తప్పినవారి విషయములో ఒక ముఖ్యమైన హెచ్చరిక. గ్లూకోజు ఎక్కించగానే వారు లేచి కూర్చుందురు, మాటలాడుదురు. పని ఉన్నదని ఇంటికి తీసికొనిపోవుదమని బంధువులకు తోచును. అట్లు చేయరాదు. ఈ మాత్రల బలము ఒంటిలో ఒక దినము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నిలుచును. గ్లూకోజు బలము కొలది సేపు మాత్రమే. రాత్రి నిద్రలో మరల చక్కెర పడిపోవచ్చును. వైద్యుడు పొమ్మను వరకు ఆసుపత్రిలోనే ఉండవలెను. వృద్ధులకు, మూత్రపిండముల జబ్బు గలవారికి ఇది మరింత ముఖ్యము.

నివారణ పద్ధతులు

1. మందు వేసికొనుటకు ముందే భోజనము సిద్ధముగా నున్నదో లేదో చూచుకొనవలెను. అన్నము కంటికి కనిపించిన తరువాతనే మందు. ఏ మందును భోజనమునకు ఎంత ముందు తీసికొనవలెనో వైద్యుని అడిగి వ్రాసికొనవలెను.

2. తెల్లవారుజామున పొలమునకు పోవువారు అంబలియో, చద్దన్నమో, ఇడ్లీయో తిని పోవలెను. ఎక్కువ సేపు పని ఉన్నచో నడుమ తినుటకు ఒక అరటిపండో, గుప్పెడు వేయించిన శనగలతో అటుకులో వెంట తీసికొనిపోవలెను.

3. కష్టమైన పనికి ముందు చక్కెర చూచుకొనవలెను. 90 కంటె తక్కువ యున్నచో ఏదైన తిని పని మొదలుపెట్టవలెను.

4. నాట్లు, కోతలు, నూర్పిళ్ళు రాకముందే వైద్యుని కలిసి, ఆ రోజులలో మందు ఎంత తగ్గింపవలెనో అడుగవలెను. తమంత తాము మందు పూర్తిగా మానివేయరాదు. అట్లు మానినచో చక్కెర హెచ్చి వేరు ప్రమాదము కలుగును.

5. కాళ్ళతో ఎక్కువ పని ఉన్న రోజున ఇన్సులిన్ తొడకు కాక పొట్టకు వేసికొనుట మంచిది. పనిచేయు అవయవమునకు వేసిన మందు త్వరగా రక్తములో కలియును.

6. ఎక్కువ కష్టపడిన నాటి రాత్రి పడుకొనుటకు ముందు చక్కెర చూచుకొనవలెను. తక్కువగా నున్నచో ఏదైన తినవలెను. రాత్రి కరెంటునకు నీరు పెట్టబోవువారు ఒంటరిగా పోరాదు.

7. ఏకాదశి, శివరాత్రి, కార్తిక సోమవారములు, రంజాను నెల – ఉపవాసము ఏదైనను ముందుగా వైద్యుని సలహా పొందవలెను. ఉపవాసములో చక్కెర 70 కంటె తగ్గినచో వెంటనే ఉపవాసము విడువవలెను.

8. మద్యము మానుట ఉత్తమము. ఖాళీ కడుపుతో ఎన్నడును త్రాగరాదు.

9. చక్కెర పడిపోయి తేరుకొన్న తరువాత కనీసము ముప్పావు గంట వరకు ట్రాక్టరు, మోటారు సైకిలు నడుపరాదు.

10. ఎప్పుడు తగ్గినది, ఎంత తగ్గినది, ఆ పూట ఏమి తినినది, ఏ పని చేసినది ఒక పుస్తకములో వ్రాసి వైద్యునికి చూపవలెను. ఎరువుల లెక్క వ్రాసికొను రైతునకు ఇది కష్టము కాదు. ఒకసారి పడిపోయినవారికి మరల పడిపోవు అవకాశమెక్కువ. కారణము కనుగొని మోతాదు మార్పించుకొననిచో అది ఆగదు.

ఇంటివారికి, తోటివారికి

చక్కెర పొట్లము ఇంటిలోని డబ్బాలో నున్నచో చాలదు. పొలములో నుండవలెను. పురుషులు చొక్కా జేబులోనో, మొలలోనో, స్త్రీలు కొంగుముడిలోనో గ్లూకోజు పొట్లము ఉంచుకొనవలెను. వాన, చెమట తగులకుండ ప్లాస్టిక్ సంచిలో కట్టుకొనవలెను. పురుగుమందుల సంచిలో మాత్రము పెట్టరాదు. పంపుసెట్టు షెడ్డులో, ట్రాక్టరు పనిముట్ల పెట్టెలో మరియొక పొట్లము ఉంచుట మంచిది.

జబ్బును దాచరాదు. పొలములో కలిసి పనిచేయువారిలో కనీసము ఇద్దరికి, నాకు షుగరు ఉన్నది, చెమట పట్టి తికమకగా మాటలాడినచో ఈ పొట్లము విప్పి తినిపింపుడని చెప్పి యుంచవలెను. ఆడకూలీలు సిగ్గుపడి, కూలి పోవునని భయపడి ఈ మాట చెప్పకుందురు. రైతులే వారిని అడిగి తెలిసికొని, చద్దికి వేళకు విడిచిపెట్టవలెను. మందు పేరు, ఇంటివారి ఫోను నంబరు వ్రాసిన చీటీ ఒకటి జేబులో నుండవలెను.

ఇంటి ఇల్లాలు మందు వేళను, వంట వేళను కలిపి చూచుకొనవలెను. వంట ఆలస్యమగు రోజున మందును ఆలస్యము చేయవలెను. రోగి అన్నము సగము వదలి లేచినను, వద్దని మొండికెత్తినను అది కోపమని ఊరకుండక, చక్కెర తగ్గినదేమో అని ఆలోచింపవలెను.

షుగరు జబ్బునకు మందు వాడువాడు తీపికి దూరముగా నుండవలసినదే. కాని అతని జేబులో ఎల్లప్పుడును మూడు చెంచాల చక్కెర ఉండవలెను. అది తినుబండారము కాదు, మందు. రైతు పాము తిరుగు చోటికి దీపము లేకుండ పోడు. అట్లే మందు వేసికొన్న దినమున చక్కెర పొట్లము లేకుండ గడప దాటరాదు. తిని, పొట్లము వెంట తీసికొని, తోడు ఒకరికి చెప్పి పొలమునకు పోవు రైతు మధుమేహమున్నను ఆరోగ్యముగా సేద్యము చేసికొనగలడు.